సొట్ట సంగతి సరే, దాని వెనక చూశారా?

ప్రశ్న: నేను కారు నడపడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. పోయిన వారం పార్కింగ్‌లో రివర్స్ చేస్తూ స్తంభాన్ని తాకించాను. నెమ్మదిగానే వెళ్తున్నాను, అయినా వెనక బంపర్‌కు కుడివైపు పెద్ద పళ్లెమంత సొట్ట పడింది. పగుళ్లేమీ కనబడటం లేదు. సొట్ట అంచున స్తంభం తాలూకు తెల్లరంగు అంటుకుంది, రెండు గీతలు పడ్డాయి. మెకానిక్ చూసి బంపర్ మొత్తం మార్చాల్సిందే అన్నాడు. మావారు మరిగే నీళ్లు పోస్తే చాలంటున్నారు. మా అబ్బాయి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఐసుముక్కలు పెడితే టక్కున వచ్చేస్తుందని వీడియో చూపిస్తున్నాడు. ఎవరి మాట వినాలి? నేనే చేసుకోగలనా? అన్నట్టు, టెయిల్ లైటు కింద బంపర్‌కీ బాడీకీ మధ్య సందు కాస్త పెరిగినట్టుంది. రివర్స్ గేర్ వేస్తే వెనక ఏమీ లేకపోయినా సెన్సర్ అప్పుడప్పుడూ కూస్తోంది. ఆ సొట్ట చూసినప్పుడల్లా టెన్షన్‌గా ఉంటోంది. (పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం:

ముగ్గురిలో మీవారి మాటే నిజానికి దగ్గరగా ఉందండీ. అయితే ఆయన నీళ్లు పొయ్యి మీద పెట్టేలోపు మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఉత్తరంలో నన్ను ఆపింది సొట్ట కాదు. పెరిగిన సందు, ఊరికే కూసే సెన్సర్. ఆ రెండింటినీ మీరు ‘అన్నట్టు’ అంటూ చివర్లో రాశారు. నేనైతే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

మనం బంపర్ అంటున్నది నిజానికి బంపర్ మీది తొడుగు. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండీ లేని ప్లాస్టిక్ చర్మం అది. చాలా కార్లలో దాని వెనక గట్టి నురుగులాంటి తేలికపాటి దిమ్మ, ఆ దిమ్మ వెనక అడ్డంగా ఉక్కుదో అల్యూమినియందో ఒక దూలం ఉంటాయి. గట్టి దెబ్బ తగిలితే కాచుకునేది ఆ దూలమే. పైన తొడుగు బాగానే కనబడుతూ లోపల దూలం వంగిన కార్లున్నాయి. పైన ఘోరంగా సొట్టబోయి లోపల ఏమీ కాని కార్లు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. మీది రెండో రకమే అయ్యుంటుందని నా అంచనా. కానీ అంచనా మీద వదిలేయడం ఎందుకు, పది నిమిషాల్లో మీరే చూసుకోవచ్చు.

‘నెమ్మదిగానే’ అన్నారు కదా, దాని గురించి ఒక మాట. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 42వ నిబంధన ప్రకారం బంపర్లను పరీక్షించేది గంటకు 4 కిలోమీటర్ల వేగంతో. మూలల దగ్గరైతే 2.5 కిలోమీటర్లే. అమెరికాలో ఒకప్పుడు గంటకు 5 మైళ్లతో పరీక్షించేవారు, 1983 మోడళ్ల నుంచి దాన్ని రెండున్నర మైళ్లకు తగ్గించారు. అంటే అదీ 4 కిలోమీటర్లే. మనిషి మామూలు నడక కంటే తక్కువన్నమాట. దెబ్బ తగిలాక లైట్లు వెలగాలి, డిక్కీ తెరుచుకుని మూసుకోవాలి, ఇలాంటివే ఆ 42వ నిబంధన చూసేది. తొడుగు మీద మచ్చ పడకూడదని అందులో లేదు. మనం నెమ్మది అనుకునే రివర్స్ చాలాసార్లు ఈ వేగం దాటే ఉంటుంది, పైగా మీకు తగిలింది ఒక పక్కన. అందుకే లోపల చూడమంటున్నాను.

డిక్కీ తెరిచి కింద పరిచిన కార్పెట్ ఎత్తండి. స్టెప్నీ ఉండే గుంట చుట్టూ రేకు మడతపడిందా, ఎక్కడైనా పెయింట్ చిట్లిందా, అతుకుల మీద పూసిన సీలెంట్ చీలిందా చూడండి. తర్వాత డిక్కీ మూసి, మూతకీ బాడీకీ మధ్య సందులో వేలు పెట్టి ఎడమవైపు, కుడివైపు పోల్చండి. రెండువైపులా ఒకేలా ఉంటే, డిక్కీ మునుపటిలాగే ఒక్కసారికే మూసుకుంటుంటే చాలావరకు గండం గడిచినట్టే. ఆ పైన టార్చ్ పట్టుకుని బంపర్ కిందనుంచి లోపలికి చూడండి. అన్నిచోట్లా ఒకటే కొలబద్ద: కుడివైపు ఉన్నది ఎడమవైపు ఉన్నట్టే ఉందా? కారు గురించి ఏమీ తెలియకపోయినా ఎడమాకుడీ పోల్చడం ఎవరికైనా వచ్చు. రేకులో మడత కనబడినా, దూలం ఒక పక్కకి ఒరిగినట్టు అనిపించినా ఇక వేడినీళ్ల సంగతి మర్చిపోండి. అది బాడీ షాపు పని.

ఏమీ కనబడలేదనుకుందాం. ఇప్పుడు ఆ సందు. టెయిల్ లైటు కింద బంపర్ అంచును పట్టి ఉంచేది సన్నటి పట్టీలాంటి బ్రాకెట్. దానికుండే కొక్కేల్లోకి బంపర్ అంచు ఇరుక్కుని ఉంటుంది. సొట్ట పడినప్పుడు ఏమవుతుందంటే, తొడుగు లోపలికి పోవడానికి కావలసిన నిడివి ఎక్కడినుంచో రావాలి కదా, చుట్టుపక్కల నుంచి లాక్కుంటుంది. దుప్పటి మధ్యలో పట్టి లాగితే అంచులు పరుపు లోపలికి జరిగినట్టు. అలా లాగినప్పుడు అంచు కొక్కేల్లోంచి జారి సందు తేలుతుంది. చాలామంది ముందు ఆ సందును మూయాలని అరచేత్తో బాదుతారు. అప్పుడు నిజంగానే కొక్కేలు విరుగుతాయి. సొట్ట తీయడం ముందు, సందు మూయడం తర్వాత. సొట్ట బయటికి వచ్చేస్తే అంచు సగం తనంతట తానే చోటుకొస్తుంది, మిగతా సగానికి అరచేత్తో ఒక గట్టి నొక్కు సరిపోతుంది. టక్కుమని పడ్డ శబ్దం వినబడాలి. పడినా మళ్లీ ఊడి వస్తోందంటే బ్రాకెట్ కొక్కెం విరిగిందని అర్థం. ఆ బ్రాకెట్ చాలా కార్లకు విడిగా దొరికే చిన్న భాగం. దానికోసం బంపర్ మార్చనక్కర్లేదు.

సెన్సర్ కూతకీ బహుశా సొట్టే కారణం. పార్కింగ్ సెన్సర్ మన చెవికి వినబడని శబ్దాన్ని పంపి, అది దేనికైనా తగిలి తిరిగొచ్చే సమయాన్ని లెక్కగడుతుంది. అది నేలకు సమాంతరంగా చూడాలి. తొడుగు నొక్కుకుపోయి సెన్సర్ మొహం కొంచెం కిందికి వాలితే దానికి నేలే అడ్డంగా కనబడుతుంది. మీకేమో వెనక ఏమీ ఉండదు, దానికేమో గోడ ఉన్నట్టుంటుంది. సొట్ట తీశాక చాలాసార్లు ఈ కూత ఆగిపోతుంది. ఆగకపోతే ఏం చేయాలో చివర్లో చెబుతాను.

ఇక మీరు అడిగిన విషయం.

ఈ తొడుగుల్లో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో రబ్బరు కలిపి చేస్తారు. బంపర్ లోపలివైపు ఎక్కడో ‘పీపీ+ఈపీడీఎమ్’ అని అచ్చుపోసి ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎమ్ అంటే ఆ రబ్బరు. పక్కనే ‘టీడీ20’ అని కూడా ఉంటే అందులో 20 శాతం టాల్క్ కలిపారన్నమాట. ఒంటికి రాసుకునే పౌడర్లలో వాడుతూ వచ్చిన టాల్కే. రబ్బరు కలిపింది దెబ్బకి పగలకుండా వంగడానికి, టాల్క్ కలిపింది మరీ మెత్తబడి జారకుండా ఉండడానికి. ఈ మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోస్తారు, అచ్చులో ఏ ఆకారంలో గడ్డకట్టిందో అదే దాని సహజ ఆకారం. నెమ్మదిగా తగిలిన దెబ్బకి ప్లాస్టిక్ చాలావరకు వంగుతుందే గానీ సాగదు. వంగింది వెనక్కి రావాలనే చూస్తుంది. కానీ సొట్ట చుట్టూ ఒక గట్టులా ఏర్పడి దాన్ని రానివ్వదు. ఖాళీ నీళ్ల సీసాను గట్టిగా నొక్కితే లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంటుంది చూడండి, అదే సంగతి. వేడి చేసినప్పుడు మెత్తబడేది ఆ గట్టు. గట్టు సడలితే మిగతాది తన పాత ఆకారానికి తానే పోతుంది. వెనకనుంచి మీరు నొక్కేది దానికి కాస్త సాయం మాత్రమే.

దీన్నిబట్టే ఏ సొట్ట వస్తుందో, ఏది రాదో చెప్పవచ్చు. మీరు రాసినట్టు పళ్లెంలా వెడల్పుగా, నున్నగా ఉన్న సొట్టలు బాగా వస్తాయి. కాగితం మడిచినట్టు పదునైన గీతతో మడతపడ్డవి పూర్తిగా రావు. అక్కడ ప్లాస్టిక్ సాగిపోయింది. పెయింట్ లేని నల్ల ప్లాస్టిక్ మీదైతే అలాంటిచోట తెల్లబారి కనబడుతుంది కూడా. సాగినదానికి పాత ఆకారం గుర్తుండదు.

మీ అబ్బాయి చూపించిన ఐసు చిట్కా ఇనుపరేకుల సొట్టల గురించి పుట్టింది. వేడిరేకు చల్లబడి ముడుచుకుని సొట్ట బయటికి తన్నుకొస్తుందని దాని వెనకున్న ఆలోచన. రేకు విషయంలోనే అది పనిచేయడం అరుదు. ప్లాస్టిక్‌కైతే పనిచేసేది వేడి, ఐసు కాదు. ఆ వీడియోల్లో ఐసు పెట్టకముందే పని అయిపోయి ఉంటుంది, పేరు మాత్రం ఐసుకొస్తుంది. పైగా అంత వేడి మీదున్న పెయింట్‌ను ఒక్కసారిగా గడ్డకట్టే చలికి తీసుకెళ్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. హెయిర్ డ్రయ్యర్ తప్పేమీ కాదు గానీ పళ్లెమంత జాగాను ఒకేసారి వేడెక్కించడం దానివల్ల కాదు. ఒక పక్క వేడెక్కేసరికి ఇంకో పక్క చల్లారిపోతుంది. చిన్న సొట్టకు సరే.

మరిగే నీళ్లే ఎందుకంటే, వాటికి ఒక హద్దు ఉంది. ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు. పోసేసరికి ఇంకా తగ్గుతాయి. పాలీప్రొపిలీన్ కరిగేది 160 డిగ్రీల దగ్గర. అంటే మెత్తబడుతుంది గానీ పొరపాటున కూడా కరగదు. ఈ హద్దే హీట్ గన్‌కు లేదు. దాని మూతి దగ్గర గాలి 500 డిగ్రీలు దాటగలదు. నా మాట నమ్మండి, ఎందుకంటే ఈ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట మా బావగారి కారు బంపర్‌కు ఇంతకంటే చిన్న సొట్ట పడితే, ఐదు నిమిషాల పని అని గొప్పగా చెప్పి హీట్ గన్ అందుకున్నాను. సొట్ట వచ్చింది. దాంతోపాటు చుట్టూ అరచేయంత మేర పెయింట్ బొబ్బలెక్కింది. సొట్టతో తిరిగే కారును బొబ్బలతో తిరిగే కారుగా మార్చి ఇచ్చాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలిసినప్పుడు ఆ ప్రస్తావన వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి వద్దు.

పని ఎలా చేయాలో చెబుతాను. ఒక్కరే చేయకండి, ఇద్దరు కావాలి. ఒకరు నీళ్లు పోయాలి, ఇంకొకరు వెనకనుంచి నొక్కాలి. కారు అప్పుడే నడిపి ఆపినదైతే ఒక గంట ఆగండి. చేయి పెట్టబోయేచోట సైలెన్సర్ ఉంటుంది, అది వేడినీళ్లకంటే ఘోరంగా కాలుస్తుంది. సొట్ట చుట్టూ సబ్బునీళ్లతో కడిగి తుడవండి. ఇసుక రేణువు ఒక్కటున్నా రుద్దినప్పుడు కొత్త గీతలు పడతాయి.

అన్నింటికంటే ముఖ్యం, వెనకనుంచి చేయి ఎలా చేరుతుందో ముందే చూసుకోవడం. నీళ్లు మరిగాక వెతుక్కోవడం మొదలుపెడితే అవి చల్లారిపోతాయి. కొన్ని కార్లలో కిందనుంచి నేరుగా చేయి పోతుంది. కొన్నింటిలో చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్‌కున్న రెండు మూడు స్క్రూలు విప్పి దాన్ని కాస్త పక్కకి వంచాలి. కొన్నింటిలో డిక్కీ లోపలినుంచి టెయిల్ లైటు విప్పితే అక్కడినుంచి దారి దొరుకుతుంది. సెన్సర్ వైరు ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి, తర్వాత చీకట్లో తడుముతూ లాగేయకుండా. ఏ దారీ లేకపోతే బంపర్ మొత్తం విప్పాల్సి వస్తుంది. అది కష్టమేమీ కాదు గానీ మొదటిసారి విప్పేవాళ్లు రెండు మూడు క్లిప్పులు విరగ్గొట్టకుండా బయటపడటం నేను చూడలేదు.

చేతులకు ముందు నూలు గ్లౌజులు, వాటి మీద మందపాటి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. నూలువి ఒక్కటే వేసుకుంటే వేడినీళ్లు పీల్చి చర్మానికి అతుక్కుంటాయి, అది ఇంకా ప్రమాదం. కాళ్లకు మూసి ఉండే బూట్లు వేసుకోండి, పోసిన నీళ్లన్నీ చివరికి పడేది పాదాల మీదే. పిల్లల్ని దూరంగా ఉంచండి. వీడియో తీస్తానని మీ అబ్బాయి దగ్గరికొస్తే అతన్ని కూడా.

రెండు మూడు లీటర్ల నీళ్లు తెర్లుతుండగా తెచ్చి, సొట్ట పై అంచు నుంచి సన్నటి ధారగా పోయండి. ఒక్కసారి గుమ్మరిస్తే జారిపోతాయి తప్ప ప్లాస్టిక్ వేడెక్కదు. సొట్ట మీద పాత తువ్వాలు కప్పి దాని మీద పోస్తే వేడి ఇంకా నిలుస్తుంది, నాకైతే ఈ పద్ధతే నచ్చుతుంది. ఒకటి రెండు నిమిషాలు పోశాక వెనకనుంచి నొక్కండి. చాలామంది సొట్ట మధ్యలో లోతైన చోట బలమంతా పెడతారు. అది కూడా పనిచేయవచ్చు గానీ రాకపోతే మొండికేయకండి. ముందు అంచుల్లో, అంటే గట్టు దగ్గర నొక్కుతూ చుట్టూ రండి. గట్టు సడలాక మధ్యభాగం ‘బప్పు’మని దానంతటదే బయటికొస్తుంది. ఆ శబ్దం వినడానికే ఈ పని చేయవచ్చు, అంత తృప్తిగా ఉంటుంది.

నొక్కడానికి అరచేయి, పిడికిలి వాడండి. చేయి అందకపోతే గుండ్రటి చెక్కపిడికి గుడ్డ చుట్టి వాడండి. స్క్రూడ్రైవర్, ఇనపరాడ్ ముట్టుకోవద్దు. వేడి మీదున్న ప్లాస్టిక్‌కు మొన తగిలితే బయటికి మొటిమలా పొడుచుకొస్తుంది. సొట్టను తీయడం తేలిక, ఆ మొటిమను తీయడం నాక్కూడా రాదు.

వచ్చిన వెంటనే లోపల చేయి అలాగే ఆనించి ఉంచి, పైన మామూలు కుళాయి నీళ్లు పోయండి. ఆకారం అలా గట్టిపడుతుంది. ఒక్కసారికి పూర్తిగా రాకపోతే మళ్లీ నీళ్లు కాచండి. మూడుసార్లు చేసినా కదలనిది నాలుగోసారి కదలదు. వెనక చేయి పోయే దారే లేకపోతే, నీళ్లు పోశాక బయటినుంచి సక్షన్ కప్పు అంచు తడిపి అంటించి లాగి చూడవచ్చు. సొట్ట నున్నగా, కప్పుకంటే పెద్దగా ఉంటేనే అది పట్టుకుంటుంది. మీ సొట్టకు ప్రయత్నించదగ్గదే.

బాగా చలిగా ఉన్న రోజున చేయకండి. చలికి ఈ ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది, క్లిప్పులైతే ముట్టుకుంటే విరుగుతాయి. ఎండలో రెండు గంటలు నిలబెట్టిన కారు మీద పని సగం తేలికవుతుంది. పలచటి సొట్టలు కొన్ని ఉత్త ఎండకే వచ్చేస్తాయి కూడా.

అంతా అయ్యాక పక్కనుంచి వెలుతురులో చూస్తే సన్నటి అల ఒకటి కనబడొచ్చు. దాన్ని కూడా తీసేయాలని మళ్లీ మళ్లీ వేడిచేయకండి. ఆ అల మీకు తప్ప ఇంకెవరికీ కనబడదు.

తెల్లరంగు మరక మీద గోరుతో అడ్డంగా గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారితే అది స్తంభం నుంచి అంటుకున్న రంగే. మెత్తటి గుడ్డ మీద కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ (పెయింట్‌ను మెరుగుపెట్టే ముద్ద) వేసి, గట్టిగా అదమకుండా రుద్దితే పోతుంది. థిన్నర్ జోలికి వెళ్లకండి, ఎప్పుడైనా మళ్లీ పెయింట్ వేయించిన బంపరైతే మరకతోపాటు పెయింట్ కూడా లేచొస్తుంది. గోరు తట్టుకుంటున్న గీతలు రుద్దితే పోవు. రంగు పైనుండే పారదర్శకమైన పూత, అంటే క్లియర్ కోట్, మందం మహా అయితే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. గీత దాన్ని దాటి పోయిందంటే ఎంత రుద్దినా చుట్టూ ఉన్నది అరుగుతుంది తప్ప గీత పూడదు. అలాంటి వాటికి మీ కారు రంగు కోడ్ చూసి టచప్ పెన్ను తెచ్చుకోండి. కోడ్ చాలా కార్లలో డోరు ఫ్రేమ్ మీదో బానెట్ కిందో స్టిక్కర్‌పై ఉంటుంది. తొందరేమీ లేదు. ఇది ఇనుము కాదు, తుప్పు పట్టదు. ఆరునెలలు అలాగే తిరిగినా గీత గీతలాగే ఉంటుంది. పెయింట్ అంచులు లేవడం మొదలైతే మాత్రం ఇక ఆలస్యం చేయకండి, ఊడేకొద్దీ ఊడుతుంది.

వేడినీళ్లు పోసినప్పుడు ఇప్పటిదాకా కనబడని పగులు బయటపడొచ్చు. సూపర్ గ్లూ, ఎపాక్సీ లాంటివాటితో అతికించాలని చూడకండి. పాలీప్రొపిలీన్‌కు ఏదీ ఓ పట్టాన అంటుకోదు, జిగురు డబ్బాలు కూడా చాలావరకు ఇలాంటి అంటుకోని రకం ప్లాస్టిక్‌తోనే చేస్తారంటే చూడండి. దీనికి ప్లాస్టిక్ వెల్డింగ్ ఉంది. పగులు చివర చిన్న రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీని కరిగించి లోపలివైపు నుంచి పూడుస్తారు. వంకీ పిన్నులను వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దించి కుట్టువేసినట్టు పట్టించే పద్ధతి కూడా ఉంది. చేయి తిరిగినవాళ్లు చేస్తే ఏళ్లు నిలుస్తుంది. బంపర్‌ను బాడీకి పట్టి ఉంచే చెవులు విరిగితే మాత్రం వెల్డింగ్ మీద నాకంత నమ్మకం లేదు. బరువంతా మోసేచోట అతుకు ఎంతకాలం ఆగుతుందో చెప్పలేం.

పెయింట్ వేయించాల్సి వస్తే పెయింటర్‌ను రెండు ప్రశ్నలడగండి. కింద ప్లాస్టిక్ ప్రైమర్ కొడతారా? లప్పం పెడితే బంపర్‌ల కోసం ఉండే వంగే రకమేనా, రేకులకు వాడేదా? ప్రైమర్ లేకపోతే పెయింట్ కొన్నాళ్లకు పొరలుపొరలుగా ఊడుతుంది. రేకుల లప్పం రాయిలా గట్టిది, కింద ప్లాస్టిక్ వంగితే అది వంగలేక పగులుతుంది. ‘ఏదైనా ఒకటేలెండి’ అనే సమాధానం వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొత్త పెయింట్ బాడీ రంగుకంటే వెంట్రుకవాసి తేడాగా ఉందని మాత్రం గొడవపడకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్లలో కూడా బంపర్‌కూ బాడీకీ ఆ తేడా కనబడుతుంది. రేకును ఎండబెట్టినంత వేడిలో ప్లాస్టిక్‌ను ఎండబెట్టలేరు, అందుకని పెయింట్లు, పనిచేసే పద్ధతులు వేరు.

ఒక్క హెచ్చరిక. మీ సైడు అద్దాల్లో పక్కనుంచి వాహనం వస్తే వెలిగే చిన్న లైటు ఉంటే, వెనక బంపర్ మూలల్లో లోపల రాడార్లు ఉండే అవకాశం ఎక్కువ. అవి ఈ ప్లాస్టిక్‌లోంచే చూస్తాయి. ఆ భాగం మీద లప్పం పెట్టినా, పెయింట్ మీద పెయింట్ వేసినా వాటి చూపు మందగిస్తుంది. చాలా కంపెనీలు ఆ మేర మరమ్మతు చేయొద్దనే చెబుతాయి. మీ సొట్ట సరిగ్గా అక్కడే ఉండి ఆకారం పూర్తిగా రాకపోతే, మెకానిక్ చెప్పినట్టు బంపర్ మార్చి, రాడార్ చూపును మళ్లీ సరిచేయించడమే మంచిది.

మెకానిక్ మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేననను. బంపర్ మార్చడం అతనికి లెక్క తేలిన పని, వేడినీళ్లు పోసి చూడటం లెక్క తేలని పని. రేపు అల మిగిలితే మీరు అడిగేది అతన్నే. కానీ ఒక్కమాట అడగండి: ‘ఏ భాగం విరిగిందో చూపించండి.’ చెవి విరిగిందనో, పగులు అంచుదాకా పోయిందనో చూపిస్తే అతని మాట వినండి. చూపించలేకపోతే ముందు నీళ్లు కాచండి. పోయినా పోయేది నీళ్లే, మార్చాల్సిన బంపర్ ఎలాగూ మార్చాల్సిందే కదా.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా, ఏదీ ముట్టుకోకముందే నాలుగు పక్కలనుంచి ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, వాళ్లు చూశాకే పని మొదలుపెట్టండి. ఇంత చిన్నదానికి క్లెయిమ్ చేస్తే మీరు సొంతంగా భరించాల్సిన వాటా, వచ్చే ఏడాది పోయే రాయితీ కలిపి ఎంతవుతుందో కూడా లెక్క వేసుకోండి.

ఇక సెన్సర్. సొట్ట వచ్చి, సందు మూసుకున్నాక కూడా కూస్తోందనుకోండి. ముందు దాని మొహం తుడవండి, రుద్దినప్పటి కాంపౌండ్ అంటుకుని ఉండొచ్చు. తర్వాత ఎడమవైపు సెన్సర్‌తో పోల్చి, అంతే లోతులో, అంతే నిటారుగా కూర్చుందా చూడండి. వెనకనుంచి దాని హోల్డర్‌ను నొక్కితే కొన్నిసార్లు చోట్లో పడుతుంది. సెన్సర్ బతికుందో లేదో తెలియాలంటే పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, మీవారిని సీట్లో కూర్చోబెట్టి రివర్స్ గేర్ వేయించండి. వేలికొన సెన్సర్ మీద ఆనించండి. పనిచేసే సెన్సర్ సన్నగా టిక్‌టిక్‌మంటుంది, చెవి దగ్గరపెడితే వినబడుతుంది కూడా. మిగతావి టిక్కుమంటూ అదొక్కటే మౌనంగా ఉంటే సెన్సరో దాని వైరో పోయింది. అన్నీ టిక్కుమంటున్నా కూత ఆగకపోతే హోల్డర్ లోపల చిట్లి ఉంటుంది. అప్పుడు బంపర్ విప్పాల్సిందే, మీ మెకానిక్ దగ్గరికే వెళ్లండి. బంపర్ కాదు, హోల్డర్ మార్చమనండి.